డిగ్రీ ల్యాబులో ఈ.కోలైకి ప్లాస్మిడ్ ఎక్కించడం ఎట్లా (తిరుపతి ఎండల్లో చేసేవాళ్ల కోసం)

రెండేళ్ల కింద మే నెలలో ఒక బ్యాచ్‌కి ట్రాన్స్‌ఫర్మేషన్ ప్రాక్టికల్ పెట్టినా, అంటే ఈ.కోలై అనే బ్యాక్టీరియా లోపలికి ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి డీఎన్ఏని ఎక్కించే పని. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే ప్లేట్ల నిండా కాచిన పాల మీద మీగడ కట్టినట్టు తెల్లగా పరుచుకోనుంది. పిల్లోళ్లు ఒకటే సంబరం, మేడం సూపర్‌గా వచ్చింది అని ఫోన్లు తీసి ఫోటోలు, స్టేటస్‌లు, నేను కూడా ఒక నిమిషం మురిసిపోయినా అబద్ధం ఎందుకు. తర్వాత డీఎన్ఏ వెయ్యని ప్లేటు తీసి చూస్తే దాంట్లో కూడా అదే మీగడ. అంటే ప్లాస్మిడ్ ఎక్కిందీ లేదు పాడూ లేదు, ప్లాస్మిడ్ లేనివాటిని చంపాల్సిన యాంపిసిలిన్ అనే మందే చచ్చిపోయింది, అంతే. అప్పటికే సగం మంది రికార్డులో "ట్రాన్స్‌ఫర్మేషన్ విజయవంతమైనది" అని రాసేసినారు, వైట్‌నర్ బాటిల్ ఒకటి ఖాళీ అయింది ఆ పొద్దు.

అందుకే ఇది రాస్తాన్నా. ప్రోటోకాల్ ఏ మాన్యువల్లో అయినా ఉంటుంది, కానీ ఏ స్టెప్పు ఎందుకు చేస్తామో తెలీకుండా చేస్తే కాలనీలు వచ్చినా రాకపోయినా మనకు అర్థం కాదు. బీఎస్సీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్ పిల్లోళ్లకీ, కొత్తగా ప్రాక్టికల్స్ చూసుకోమని చెప్పిన లెక్చరర్లకీ పనికొస్తుంది. ఒక్క మాట ముందే చెప్తా, ఇది ల్యాబులో చెయ్యాల్సింది, ఇంట్లో వంటగదిలో కాదు. కే-12 జాతికి చెందిన బలహీనపడిన ఈ.కోలై స్ట్రెయిన్లు, డీహెచ్5ఆల్ఫా లాంటివి మాత్రమే వాడాల. హాస్పిటల్ నుంచి ఎవరో ఫ్రెండ్ తెచ్చిచ్చిన కల్చర్‌తో ఆటలాడొద్దు, ఎందుకో తర్వాత చెప్తా.

మొదట కొంచెం కథ. బ్యాక్టీరియాకి పెళ్లి పేరంటం ఏమీ లేదు, ఒకటి రెండుగా చీలిపోవడమే, తల్లిలో ఏముంటే బిడ్డలో అదే. మరి కొత్త జీన్స్ యాడనుంచి వస్తాయి? మ్యుటేషన్ ఒకటి, ఇంకోటి పక్కనోళ్ల దగ్గర్నించి తెచ్చుకోవడం. తెచ్చుకోవడానికి పెద్ద దారులు మూడు: బయట పడున్న డీఎన్ఏని లోపలికి లాక్కోవడం ట్రాన్స్‌ఫర్మేషన్, పక్క సెల్లుని అంటిపెట్టుకోని తీసుకోవడం కాంజుగేషన్, వైరస్ మోసుకొచ్చి దింపిపోవడం ట్రాన్స్‌డక్షన్. ఆ వైరస్‌నే ఫేజ్ అంటాం.

1928లో లండన్లో గ్రిఫిత్ అనే ఆయన న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాతో ఎలుకల మీద చేసిన పని మీకు ఇంటర్లోనే చెప్పుంటారు. చుట్టూ నున్నటి పొర ఉండే ఎస్ రకం ఎలుకని చంపుతుంది, పొర లేని ఆర్ రకం చంపదు. ఎస్ రకాన్ని వేడి చేసి చంపేసి, బతికున్న ఆర్ రకంతో కలిపి ఇస్తే ఎలుక చచ్చింది, దాని రక్తంలో బతికున్న ఎస్ రకం దొరికింది. చచ్చినోడి గుణం బతికినోడికి అంటుకుందన్నమాట. అంటుకున్న ఆ పదార్థం డీఎన్ఏ అని ఏవరీ, మెక్లియోడ్, మెక్‌కార్టీ న్యూయార్క్‌లో 1944లో తేల్చినారు, కానీ అది చూసే భాగ్యం గ్రిఫిత్‌కి దక్కలేదు, 1941లో లండన్ మీద బాంబులు పడినప్పుడు పోయినాడు. ఏవరీకేమో నోబెల్ రాలేదు. వైవాలో ఎవరూ అడగరు గానీ నాకు ఈ ముక్క చెప్పకుండా ముందుకు పోబుద్ధి కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది, దీంట్లోనే మన ప్రాక్టికల్ అంతా ఉంది. న్యుమోనియా బ్యాక్టీరియాకి డీఎన్ఏ లాక్కునే సరంజామా పుట్టుకతోనే ఉంది, గుంపు పెరిగేకొద్దీ ఒకదానికొకటి పెప్టైడ్ సిగ్నల్ ఇచ్చుకోని, అన్నీ ఒకేసారి రెడీ అయ్యి, బయటున్న డీఎన్ఏలో ఒక పోగుని లోపలికి లాక్కోని రెండోదాన్ని ముక్కలు చేసేస్తాయి. బాసిల్లస్ సబ్టిలిస్, హీమోఫిలస్ కూడా అట్లాంటివే. మన ఈ.కోలై అట్లా కాదు, మామూలుగా ల్యాబులో బయటి డీఎన్ఏ వైపు తిరిగి కూడా చూడదు. దాన్ని బలవంతాన ఒప్పించాల. 1970లో మాండెల్, హిగా అనేవాళ్లు చల్లటి కాల్షియం క్లోరైడ్‌లో పెడితే ఫేజ్ డీఎన్ఏని తీసుకుంటుందని చూపించినారు, 1972లో కోహెన్ వాళ్లు అదే పద్ధతిలో ప్లాస్మిడ్ ఎక్కించినారు. యాభై ఏళ్లు దాటింది, ఈ రోజుకీ డిగ్రీ ల్యాబుల్లో చేసేది అదే.

సరే పనిలోకి వద్దాం. మొత్తం మూడు రోజుల పని అనుకోండి, ఒక్క రోజులో అవగొట్టాలని చూడొద్దు. మా దగ్గర పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి బస్సుల్లో వచ్చే పిల్లోళ్లు సాయంత్రం నాలుగున్నర అయితే గడియారం చూస్తా ఉంటారు, హీట్ షాక్ (సెల్స్‌ని ఐస్‌లోంచి ఒక్కసారిగా వేడికి మార్చడం) మధ్యలో సంచి తగిలించుకోని నిలబడితే ఏం చేస్తాం.

సున్నాయో రోజు సాయంత్రం (అంటే ముందు రోజు) డీహెచ్5ఆల్ఫా ప్లేటు మీద నుంచి ఒక్క కాలనీ లూపుతో తీసి 5 ఎంఎల్ ఎల్‌బీ బ్రాత్‌లో వేసి 37 డిగ్రీల షేకర్లో రాత్రంతా పెట్టండి. ఎల్‌బీ అంటే లీటరుకి ట్రిప్టోన్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, ఉప్పు 10, ప్లేట్లకైతే అగర్ 15 కలపాల. ఆ సాయంత్రమే కాల్షియం క్లోరైడ్ కూడా కలిపి ఆటోక్లేవ్ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, 0.1 మోలార్ కావాల. ఇక్కడ చాలామంది బోర్లా పడతారు, డబ్బా మీద లేబుల్ చదవరు. డైహైడ్రేట్ అని ఉంటే 100 ఎంఎల్‌కి 1.47 గ్రాములు, అన్‌హైడ్రస్ అని ఉంటే 1.11 గ్రాములు. పైగా మూత సరిగ్గా పెట్టని డబ్బా అయితే గాల్లో తేమ పీల్చుకోని బెల్లం పాకం మాదిరి అయిపోయుంటుంది, దాన్ని తూచి లాభం లేదు, కొత్త డబ్బా తెప్పించండి.

ఒకటో రోజు పొద్దున 9 గంటలకి 50 ఎంఎల్ కొత్త ఎల్‌బీలో అర ఎంఎల్ రాత్రి కల్చర్ వెయ్యండి, ఫ్లాస్కు 250 ఎంఎల్‌ది ఉండాల, గాలి ఆడాల కదా. షేకర్లో రెండు మూడు గంటలు. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) 0.3 నుంచి 0.4 మధ్యలో ఉన్నప్పుడు తీసేయాల. ఈ.కోలై ఊపు మీదున్నప్పుడు 20 నిమిషాలకి ఒకసారి రెట్టింపు అవుతుంది, అందుకని 0.3 చూసి "టీ తాగొచ్చి తీద్దాంలే" అని కిందికి పోతే వచ్చేసరికి 0.7, ఇంక ఆ సెల్స్ ముదిరిపోయినట్టే, ముదిరిన బెండకాయ ఎంత ఉడికించినా ఉడకదు చూడండి, ఇదీ అంతే, కాంపిటెన్స్, అంటే బయటి డీఎన్ఏని తీసుకునే శక్తి, రాదు.

తీసిన వెంటనే ఐస్‌లోకి. ఇప్పుడు ఐస్ గురించి ఒక పేరా రాయాల, మిగతావాళ్లు ఒక్క వాక్యంలో పోనిస్తారు గానీ మన తిరుపతిలో ఏప్రిల్ దాటితే ఈ ప్రాక్టికల్ పాస్ ఫెయిల్ అయ్యేది ఐస్ దగ్గరే. ఫ్రిజ్ ట్రేలో వచ్చే నాలుగు గడ్డలు చాలవు. ఐస్ దిమ్మ తెప్పించి గోనెసంచిలో చుట్టి రోకలి బండతో సన్నంగా పొడి కొట్టించండి, మా అటెండర్ అన్న ఈ పనిలో ఎక్స్‌పర్ట్, చెరుకు రసం బండోడికన్నా సన్నగా కొడతాడు. థర్మోకోల్ డబ్బాలో పోసి మీద ఒక గ్లాసు చల్లటి నీళ్లు పొయ్యండి. నీళ్లు లేని ఐస్ గడ్డల మధ్య ట్యూబు పెడితే చుట్టూ గాలే ఉంటుంది, చల్లదనం తగలదు, నీళ్లు ఉంటేనే ట్యూబుకి నాలుగు పక్కలా అంటుతుంది. ఒకసారి ఒక అబ్బాయి తెలివిగా కుల్ఫీ బండి మాదిరి ఐస్‌లో రాళ్ల ఉప్పు కలిపినాడు, ఇంకా చల్లగా ఉంటుంది కదా మేడం అని. ఉంటుంది నాయనా, సున్నా కన్నా కిందికి పోతుంది, సెల్స్ గడ్డకట్టి పగిలిపోతాయి. ఉప్పు వద్దు.

పదిహేను నిమిషాలు ఐస్‌లో ఉంచినాక 4 డిగ్రీల దగ్గర 4000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్. కూలింగ్ సెంట్రిఫ్యూజ్ లేని కాలేజీలే ఎక్కువ, అప్పుడు రోటర్‌ని, ఖాళీ ట్యూబుల్ని ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం కాకుండా చల్లబూటే తిప్పుకోండి, కాలనీలు తక్కువ వస్తాయి గానీ వస్తాయి. పైనున్న నీళ్లు వంపేసి అడుగున ఉన్న పెల్లెట్ మీద చల్లటి కాల్షియం క్లోరైడ్ 20 ఎంఎల్ పోసి మెల్లగా, మళ్లీ చెప్తున్నా మెల్లగా, ఐస్‌లో ట్యూబు పెట్టే తిప్పుతా కలపండి. వోర్టెక్స్ మిషన్ దగ్గరికే పోవద్దు. కాల్షియంలో ఉన్న సెల్స్ చాలా సున్నితం, పచ్చి బాలింత మాదిరి చూసుకోవాల. అరగంట ఐస్‌లో ఉంచి మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి ఈసారి 2 ఎంఎల్ కాల్షియం క్లోరైడ్‌లో కలిపేస్తే అవే కాంపిటెంట్ సెల్స్.

కాల్షియం ఏం చేస్తుంది? డీఎన్ఏకి నెగటివ్ చార్జ్, సెల్లు పైపొరకీ నెగటివ్ చార్జ్, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మధ్యలో రెండు పాజిటివ్ చార్జీలున్న కాల్షియం వచ్చి కూర్చుంటే ఆ తోపులాట తగ్గి డీఎన్ఏ పొర మీద వాలుతుంది. హీట్ షాక్‌లో సరిగ్గా ఏ తలుపు ఎట్లా తెరుచుకుంటుందో సైంటిస్టుల్లోనే ఇంకా వాదన నడుస్తా ఉంది, కాబట్టి ఎక్స్‌టర్నల్ అడిగితే "రంధ్రాలు పడతాయి సార్" అని అంత ధీమాగా చెప్పకండి, చల్లదనం నుంచి ఒక్కసారి వేడికి పోయినప్పుడు పొర సర్దుబాటులో తేడా వచ్చి డీఎన్ఏ లోపలికి పోతుందని భావిస్తున్నారు అని చెప్పండి.

ఇప్పుడు సాయంత్రం అయింది, బస్సు టైమ్. మంచి విషయం ఏందంటే ఈ సెల్స్‌ని కాల్షియం క్లోరైడ్‌లోనే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే పాడవ్వవు సరికదా, 12 నుంచి 24 గంటల్లో కాంపిటెన్స్ నాలుగైదు రెట్లు పెరుగుతుంది కూడా. ఇది 1979లోనే కనిపెట్టినారు. అంటే మన పల్లె బస్సుల టైమింగ్స్ ఈ.కోలైకి కలిసొస్తాయన్నమాట. 24 గంటలు దాటితే మాత్రం మళ్లీ పడిపోతుంది, శనివారం చేసి సోమవారం వాడదామంటే కుదరదు.

ప్లేట్లు కూడా ఆ సాయంత్రమే పోసేయండి, నేను మునిగిపోయింది ఇక్కడే. ఆటోక్లేవ్ నుంచి తీసిన అగర్ పొగలు కక్కుతా ఉంటుంది, దాంట్లో యాంపిసిలిన్ పోస్తే ఆ వేడికి మందు చచ్చిపోతుంది. 50 డిగ్రీలకి రావాల. థర్మామీటర్ ముంచితే కంటామినేషన్, కాబట్టి ఫ్లాస్కుని అరచేత్తో పట్టుకోని పది లెక్కపెట్టగలిగితే సరిపోయినట్టు, మూడుకే చెయ్యి తీసేస్తే ఇంకా ఆగాల. మరీ ఆగితే ఫ్లాస్కులోనే గడ్డకడుతుంది, అదొక తంటా. యాంపిసిలిన్ స్టాక్ ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు, ఫిల్టర్ చేసింది, 100 ఎంఎల్ అగర్‌కి 100 మైక్రోలీటర్లు. ఆ స్టాక్ మైనస్ 20లో ఉండాల, కరెంటు పోయి వచ్చి పోయి వచ్చి నాలుగుసార్లు కరిగి గడ్డకట్టిన స్టాక్‌ని నమ్మొద్దు. ఆ మే నెలలో నాకు జరిగింది వేడి అగరో, కరిగిన స్టాకో, రెండూనో ఇప్పటికీ తేలలేదు. 100 ఎంఎల్‌తో ఐదు ప్లేట్లు వస్తాయి. పేర్లు మూత మీద కాదు, అడుగున రాయండి, మూతలు మారిపోతాయి.

రెండో రోజు. వాటర్ బాత్ 42 డిగ్రీలకి పెట్టి గంట ఆగండి. డిస్‌ప్లే మీద 42 ఉంటే చాలదు, ఒక ట్యూబులో నీళ్లు పోసి బాత్‌లో పెట్టి ఆ ట్యూబు లోపల థర్మామీటర్ పెట్టి చూడండి, మా బాత్ 42 చూపిస్తే లోపల 39 ఉండేది చాన్నాళ్లు, ఎవరూ చూడలేదు. చల్లబరిచిన చిన్న ట్యూబుల్లోకి 100 మైక్రోలీటర్ల సెల్స్ తీసుకోండి. ఒకదాంట్లో 10 నానోగ్రాముల పీయూసీ19 ప్లాస్మిడ్, రెండోదాంట్లో అంతే కొలత స్టెరైల్ నీళ్లు. ఐస్ మీద 30 నిమిషాలు. తర్వాత 42 డిగ్రీల్లో 90 సెకన్లు, కదపకుండా. వెంటనే ఐస్‌లో 2 నిమిషాలు. ఐస్ డబ్బా ఇంకో టేబుల్ మీద, బాత్ ఇంకో మూల పెట్టుకోని మధ్యలో నడుస్తా ఉంటే ఆ సెకన్లకి విలువ లేదు, రెండూ పక్కపక్కన ఉండాల.

పీయూసీ19 చిన్నది, 2686 బేస్ పెయిర్లు, గుండ్రంగా ఉంటుంది. గుండ్రంగా ఉండడం ముఖ్యం. కొసలున్న డీఎన్ఏ లోపలికి పోతే ఈ.కోలైలో ఉండే ఎంజైములు ఆ కొస పట్టుకోని నమిలేస్తాయి, గుండ్రటిదానికి కొస దొరకదు. పైగా దానికి సొంతంగా కాపీలు చేసుకునే చోటు ఉంది, క్రోమోజోమ్‌లో అతుక్కోవాల్సిన పని లేదు. దాంట్లో యాంపిసిలిన్‌ని తట్టుకునే జీన్ ఉంటుంది, అది బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ చేస్తుంది.

ఆ ఎంజైమ్ తయారవ్వడానికి టైమ్ ఇవ్వాల కదా, అందుకే ఇప్పుడు 900 మైక్రోలీటర్ల మామూలు ఎల్‌బీ, మందు లేనిది, పోసి 37 డిగ్రీల్లో ఒక గంట. "ఈ గంట ఎగ్గొడితే ఏమవుద్ది మేడం, ఊరికే కూర్చోవడమే కదా" అని ప్రతి బ్యాచ్‌లో ఒకడు అడుగుతాడు. అలిపిరి చెక్‌పోస్ట్ దగ్గరికి ఆధార్ ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు, కార్డు ఉంది గానీ చేతిలో లేదు. జీన్ లోపలికి పోయింది గానీ ఎంజైమ్ ఇంకా తయారు కాలేదు, అప్పుడే యాంపిసిలిన్ మీద పరిస్తే ప్లాస్మిడ్ ఉన్నవి కూడా చచ్చిపోతాయి.

ప్లేట్లు మూడు కచ్చితంగా ఉండాల. డీఎన్ఏ వేసిన సెల్స్ యాంపిసిలిన్ ప్లేటు మీద 100 మైక్రోలీటర్లు, ఇది అసలుది. డీఎన్ఏ వెయ్యనివి యాంపిసిలిన్ ప్లేటు మీద, ఇక్కడ ఏమీ రాకూడదు, వస్తే నా కథే మీ కథ. డీఎన్ఏ వెయ్యనివి మందు లేని ప్లేటు మీద, ఇక్కడ లాన్ (ప్లేటంతా పరుచుకున్న పొర) రావాల, రాకపోతే హీట్ షాక్‌లోనో ఐస్‌లోనో సెల్స్ చచ్చినాయని అర్థం. మొదటి ప్లేటు ఖాళీగా ఉంటే మూడో ప్లేటు చూడండి, మొదటిది నిండిపోతే రెండోది చూడండి. ప్లేట్లు తక్కువ ఉన్నాయని కంట్రోల్స్ తీసేసేవాళ్లని చూసినా, అంతకన్నా ప్రాక్టికల్ మానేయడం మేలు.

ప్లేట్లు తిరగేసి 37 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు. మధ్యాహ్నం 2కి పెడితే మర్నాడు పొద్దున 8 లోపల తీసి ఫ్రిజ్‌లో పెట్టేయాల. కాలేజీ తెరిచేది పదికి, అందుకని హాస్టల్లో ఉండే పిల్లోళ్లలో ఒకరికి ఈ పని అప్పజెప్పండి. ఎందుకంటే ప్లాస్మిడ్ ఉన్న కాలనీ బయటికి వదిలే ఎంజైమ్ చుట్టుపక్కల యాంపిసిలిన్‌ని తినేస్తుంది, ఆ నీడలో ప్లాస్మిడ్ లేని ఆకతాయి సెల్స్ కూడా పెరగడం మొదలుపెడతాయి, పెద్ద కాలనీ చుట్టూ ఆవగింజల్లాంటి చిన్న చిన్నవి. వాటిని శాటిలైట్ కాలనీలంటారు, లెక్కలో కలపకూడదు. కలిపితే లెక్క బ్రహ్మాండంగా వస్తుంది, అబద్ధం లెక్క.

లెక్క ఎట్లా అంటే, అసలు ప్లేటులో 85 కాలనీలు వచ్చాయనుకోండి. మనం వేసింది 10 నానోగ్రాములు, మొత్తం 1 ఎంఎల్‌లో 100 మైక్రోలీటర్లే పరిచినాం, అంటే ప్లేటు మీద పడింది 1 నానోగ్రాము, మైక్రోగ్రాముల్లో 0.001. 85ని 0.001తో భాగిస్తే 85,000. మైక్రోగ్రాము డీఎన్ఏకి 85 వేల ట్రాన్స్‌ఫార్మెంట్లు, అంటే ప్లాస్మిడ్ ఎక్కిన సెల్స్. కాల్షియం క్లోరైడ్ పద్ధతిలో బాగా చేస్తే లక్ష నుంచి కోటి దాకా రావచ్చు, మన ఎండకి, మన సెంట్రిఫ్యూజ్‌కి 85 వేలు వస్తే నేనైతే ఫుల్ మార్కులు వేస్తా. ట్యూబులో ఉన్న సెల్స్ కోట్లలో, ప్లాస్మిడ్ తీసుకున్నవి వందల్లో, అంటే లక్షల్లో ఒకటికి ఎక్కింది. యాంపిసిలిన్ లేకుండా ఆ ఒక్కదాన్ని వెతకమంటే జాతర్లో తప్పిపోయిన పిల్లోణ్ణి పేరు తెలీకుండా వెతికినట్టే.

ఎక్స్-గాల్, ఐపీటీజీ (నీలం రంగు తెప్పించడానికి వాడే రసాయనాలు) కూడా ఉంటే ప్లేటు మీద పూయండి, వేరే జీన్ ఏదీ చేర్చని ఖాళీ పీయూసీ19 ఎక్కిన డీహెచ్5ఆల్ఫా కాలనీలు నీలంగా వస్తాయి, పిల్లోళ్లకి చూడ్డానికి భలే ఉంటుంది. ఎక్స్-గాల్ వెలుతురుకి పాడవుద్ది, సిల్వర్ ఫాయిల్ చుట్టి పెట్టుకోండి.

కాంజుగేషన్ కూడా పెట్టాలనుకునేవాళ్లకి, దీంట్లో ఐస్ బాధ లేదు, హాయి. కిట్‌లో రెండు స్ట్రెయిన్లు వస్తాయి. డోనర్ ప్లాస్మిడ్‌లో ఒక మందుని తట్టుకునే జీన్ ఉంటుంది, రెసిపియెంట్‌కి క్రోమోజోమ్‌లోనే స్ట్రెప్టోమైసిన్‌ని తట్టుకునే మార్పు ఉంటుంది. రెండూ కలిపి 37 డిగ్రీల్లో గంట. షేకర్ ఆపేయాల! ట్రాన్స్‌ఫర్మేషన్ అలవాటులో షేకర్లో పెట్టేస్తారు, డోనర్ పైలస్ అనే సన్నటి పోగులాంటిదాంతో పట్టుకోని దగ్గరికి లాక్కున్న జంట ఆ కుదుపుకి ఊడిపోతుంది. తర్వాత రెండు మందులూ ఉన్న ప్లేటు మీద పరిస్తే డోనర్ స్ట్రెప్టోమైసిన్‌కి చస్తుంది, మామూలు రెసిపియెంట్ రెండో మందుకి చస్తుంది, ప్లాస్మిడ్ అందుకున్న రెసిపియెంట్ ఒక్కటే బతుకుతుంది. డోనర్ తన ప్లాస్మిడ్‌ని ఇచ్చేసి ఖాళీ అయిపోదు, రెండు పోగుల్లో ఒకదాన్ని ఒరిజిన్ (దాటడం మొదలయ్యే చోటు) దగ్గర తెంపి పంపిస్తా, పంపినదాన్ని మళ్లీ రాసుకుంటా ఉంటుంది. జిరాక్స్ ఇచ్చినట్టు, ఒరిజినల్ మన దగ్గరే.

ఈ కుదుపుకి ఊడిపోయే గుణాన్నే పారిస్‌లో జాకబ్, వోల్‌మన్ 1950లలో వాడుకున్నారు. జంటకట్టిన సెల్స్‌ని కొన్ని నిమిషాలకొకసారి తీసి మిక్సీలో వేసి విడగొట్టి, అంతసేపట్లో ఏయే జీన్స్ దాటినాయో చూసినారు, ముందు దాటింది దగ్గర, వెనక దాటింది దూరం. మొత్తం క్రోమోజోమ్ దాటడానికి సుమారు 100 నిమిషాలు, అందుకే ఈ.కోలై జీన్ మ్యాప్ కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో ఉంటుంది. అసలు కాంజుగేషన్ ఉందని చూపించింది 1946లో లెడర్‌బర్గ్, టేటమ్. అప్పటికి లెడర్‌బర్గ్‌కి 21 ఏళ్లు, ఫైనల్ ఇయర్ పిల్లోళ్ల వయసే.

ట్రాన్స్‌డక్షన్ డిగ్రీ ల్యాబులో పెట్టమని నేను చెప్పను, ఫేజ్ ఒకసారి ల్యాబులో పాకిందంటే తర్వాత ఆరు నెలలు ఏ ఈ.కోలై కల్చర్ పెట్టినా నీళ్లలా కరిగిపోతా ఉంటుంది. కానీ వైవాకి తెలిసుండాల. పీ1 లాంటి ఫేజ్ సెల్లు లోపల తన డీఎన్ఏని తలల్లో నింపుకునేటప్పుడు అప్పుడప్పుడూ పొరబాటున బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కని నింపేసుకుంటుంది, బస్టాండ్‌లో ఒకరి సంచి బదులు ఇంకొకరి సంచి ఎత్తుకోని దిగిపోయినట్టు. ఆ తలలో పట్టేది ఈ.కోలై మొత్తం జీనోమ్‌లో 2 శాతం అంతే, అందుకని రెండు జీన్స్ కలిసి దాటితే అవి పక్కపక్కన ఉన్నాయని లెక్క. ల్యామ్డా ఫేజ్ పద్ధతి వేరే, అది క్రోమోజోమ్‌లో గాల్, బయో అనే జీన్స్ మధ్యలో కూర్చుంటుంది, లేచిపోయేటప్పుడు కొసరు కింద పక్కనున్నదాన్ని చింపుకోని పోతుంది.

ఎక్స్‌టర్నల్స్‌కి ఇష్టమైన ప్రశ్న ఒకటుంది: జీన్ దాటింది, మూడు దారుల్లో ఏ దారిలో దాటిందో ఎట్లా చెప్తావు? బయట డీఎన్‌ఏజ్ ఎంజైమ్ వెయ్యి, ఆగిపోతే అది ట్రాన్స్‌ఫర్మేషన్, ఎందుకంటే దారిలో పడున్న డీఎన్ఏని అది నమిలేస్తుంది. రెండు స్ట్రెయిన్ల మధ్య సెల్స్ దాటలేని ఫిల్టర్ పెట్టు, ఆగిపోతే కాంజుగేషన్, అంటుకోకుండా అది జరగదు. ఎంజైమ్ వేసినా ఆగక, ఫిల్టర్ పెట్టినా ఆగకపోతే ఫేజ్ మోస్తా ఉందన్నమాట. 1952లో జిండర్, లెడర్‌బర్గ్ సాల్మొనెల్లాలో కాంజుగేషన్ వెతకబోయి సరిగ్గా ఇట్లానే ట్రాన్స్‌డక్షన్ మీద కాలు పెట్టినారు.

ఇదంతా ల్యాబు ముచ్చట అనుకోవద్దు. చిత్తూరు జిల్లా పాల జిల్లా కాబట్టి పెరుగు సంగతి చెప్తా. పాలని పులియబెట్టే లాక్టోకాకస్‌లో చాలా స్ట్రెయిన్లకి పాలచక్కెరని వాడుకునే జీన్స్ ప్లాస్మిడ్ మీదే ఉంటాయి. ఆ ప్లాస్మిడ్ జారిపోతే పాలల్లో ఉండి కూడా పస్తు. డెయిరీలకి పెద్ద తలనొప్పి ఫేజ్‌లు, అవి పడితే తోడు వేసిన పాలు పాలలాగే ఉండిపోతాయి. పెరుగులో ఇంకో బ్యాక్టీరియా స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, అది తన మీద పడిన ఫేజ్ డీఎన్ఏ ముక్కని తన క్రోమోజోమ్‌లో క్రిస్పర్ అనే చోట దాచుకోని, అదే ఫేజ్ మళ్లీ వస్తే గుర్తుపట్టి తరిమేస్తుందని 2007లో తేలింది. శత్రువు దగ్గర్నించి కూడా డీఎన్ఏ తీసుకోని బీరువాలో పెట్టుకోవడం, ఏమంటారు దీన్ని?

ఇందాక హాస్పిటల్ కల్చర్లు వద్దన్నా కదా. జపాన్లో 1950లలో జిగట విరేచనాల బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకి లొంగకుండా పోయింది, చూస్తే నాలుగు జీన్స్ ఒకే ప్లాస్మిడ్ మీద ఉండి ఈ.కోలై నుంచి దానికి, దాన్నుంచి దీనికి కాంజుగేషన్‌లో దాటుతా ఉన్నాయి. మన న్యూఢిల్లీ పేరు తగిలించుకున్న ఎన్‌డీఎమ్-1 జీన్ కూడా అంతే, 2009లో దాని గురించి రాసినారు, కార్బపెనెమ్ లాంటి ఆఖరి వరస మందుల్ని కూడా కోసేస్తుంది, ప్లాస్మిడ్ల మీద ఎక్కి జాతి మారి జాతిలోకి పోతుంది. అట్లాంటి ప్లాస్మిడ్ ఏ కల్చర్లో ఉందో కంటికి కనపడదు. అందుకే డీహెచ్5ఆల్ఫా, పీయూసీ19, అంతవరకే.

చివర్న ప్లేట్లు. ఫోటోలు తీసుకున్నాక, లెక్క రాసుకున్నాక, అన్నీ ఆటోక్లేవ్ కవర్లో వేసి 121 డిగ్రీల్లో 15 పౌండ్ల ప్రెషర్ మీద 20 నిమిషాలు, కవర్ మూతి గట్టిగా బిగించకుండా వదులుగా, ఆవిరి లోపలికి పోవాల కదా. ట్యూబులు, టిప్పులు, మిగిలిన బ్రాత్ కూడా. సింకులో వంపేసి "నీళ్లు పోసినాం మేడం" అంటే ఒప్పుకోవద్దు, యాంపిసిలిన్‌ని తట్టుకునే ప్లాస్మిడ్లు నేరుగా కాలవలోకి పంపినట్టే. ఆటోక్లేవ్ తెరిచినప్పుడు వాసన భరించలేం, కిటికీలు తెరిచిపెట్టి ఫ్యాన్ వేసి, అందరూ వెళ్లిపోయినాక తెరవండి, మా అటెండర్ అన్న అయితే ఆ పొద్దు మధ్యాహ్నం భోజనం ముందే ముగించుకోని వస్తాడు.